మణిమంజరి మోచెయ్యి

గాయం కావాలని వచ్చేవాళ్లు

సర్కారు ఆసుపత్రిలో చేరిన కొద్దిరోజులకే మీకు ఒక సంగతి అర్థమవుతుంది. దెబ్బ తగిలి వచ్చేవాళ్లు కొందరు, దెబ్బ కావాలని వచ్చేవాళ్లు కొందరు. మొదటి రకానికి వైద్యం కాలేజీలో నేర్పుతారు. రెండో రకం గురించి ఏ పుస్తకంలోనూ సరిగ్గా ఉండదు. నాకు ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి, కొత్తగా ఉద్యోగంలో చేరే డాక్టర్ల కోసం ఆ రెండో రకం గురించి కొంచెం రాస్తాను.

ఎనభైల్లో నేను పల్నాట్లో ఒక తాలూకా ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్‌ని. మాచర్ల రైలు ఆగే ఊరు. పేరు రాయను. రాస్తే, ఇది మా తాతగారి మీద రాసిందేనని కొన్ని కుటుంబాలవాళ్లు నా మీదకి వస్తారు. వాళ్ల తాతలు రాలేదని నేను చెప్పలేను.

ఆ ప్రాంతంలో గట్టు తగాదా అయినా, పంచాయితీ ఎన్నిక అయినా, చివరికి అందరూ చేరేది మా ఆసుపత్రికే. రెండు పార్టీలూ ఒకే వరండాలో, ఒకళ్లకొకళ్లు ఎదురుగా కూర్చుని నా కోసం ఎదురుచూసేవాళ్లు. వాళ్లకి కావాల్సింది మందు కాదు, గాయాల సర్టిఫికెట్. ఎముక విరిగితే తీవ్రగాయం, కొట్టినవాడికి బెయిలు కష్టం. విరగకపోతే సాదా గాయం, కొట్టినవాడు సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర మీసం తిప్పుకుంటూ కనిపిస్తాడు. అందువల్ల విరగని ఎముకంటే జనానికి చాలా అసంతృప్తిగా ఉండేది. "ఇంకోసారి చూడండి డాక్టరమ్మా, ఎక్కడో ఒకచోట విరిగే ఉంటది" అని బతిమాలిన పెద్దమనుషులున్నారు.

ఒకాయన ఒళ్లంతా నల్లగా కమిలిన మచ్చలతో వచ్చాడు. కర్రలతో కొట్టారన్నాడు. నేను అప్పటికి కొత్త. జాలిపడి తీవ్రంగా రాయబోతుంటే మా సూపరింటెండెంటు గారు వచ్చి ఆయన చేతివేళ్లు చూశారు. గోళ్ల దగ్గర బొబ్బలున్నాయి. వీపు తిప్పమన్నారు. వీపు మధ్యలో, చెయ్యి అందనిచోట, ఒక్క మచ్చా లేదు. ఒళ్లు కమిలించే నల్లజీడి రసం పూసుకుని, అది దురదపెడితే గోక్కున్నాడన్నమాట. దెబ్బలన్నీ చెయ్యి అందినంత మేర మాత్రమే ఉన్నాయి.

ఆయన వెళ్లాక సూపరింటెండెంటు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. నాదెండ్ల వైపు మనిషి, మాట మొరటు. "అమ్మాయ్, అబద్ధం గాయానికి సిగ్గెక్కువ. అనుకూలమైన చోటే తగులుతది. నిజం గాయానికి అదేం ఉండదు. ఇంకోమాట గుర్తుపెట్టుకో. దెబ్బ ఎట్టా పడిందో ఎముకని అడిగితే చెబుతది. ఎవరు కొట్టారో చెప్పదు. ఎముక చెప్పంది నువ్వూ చెప్పమాక."

నాకు పై అధికారులు చాలామంది వచ్చారు, వెళ్లారు. వాళ్లు చెప్పినవాటిలో కోర్టు బోనులో పనికొచ్చింది ఇదొక్కటే.

ఆ రోజుల్లో గాయం కావాలని నా గదిలోకి వచ్చినవాళ్లందరిలో "ఇది అబద్ధపు గాయం మేడం" అని ముందే ఒప్పుకున్నవాడు ఒక్కడే. బట్టలకొట్టు సైదావలి.

యువరాణికి బాధ

సైదావలికి బజార్లో బట్టలకొట్టు ఉండేది. నలభై దాటిన మనిషి, పలచగా ఉంటాడు, తెల్ల చొక్కా తప్ప వేసుకోడు. వాళ్ల నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడట. కొడుకు కొట్టు పెట్టుకున్నాడు. ఇంత వరకు ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, బెజవాడ నుంచి వచ్చే ఒక వారపత్రికలో మారుపేరుతో జానపద సీరియల్ రాసేది అతనేనని. మా స్టాఫ్ నర్సులు ఆ పత్రిక వచ్చిన రోజు ఇంజెక్షన్లు గబగబా ముగించేవాళ్లు. అమరగిరి అనే రాజ్యం, దాని యువరాణి మణిమంజరి, విలువిద్యలో ఆమెకి సాటి లేరు. అన్న రుద్రకేతు దుర్మార్గుడో మంచివాడో అప్పటికింకా తేలలేదు.

సైదావలి అందరితోపాటు ఓపీ చీటీ తీసుకుని, వరసలో కూర్చుని వచ్చాడు.

"ఏమిటి బాధ?" అన్నాను.

"బాధ నాక్కాదు మేడం. యువరాణికి."

"ఏ యువరాణికి?"

"అమరగిరి యువరాణి మణిమంజరికి. మోచెయ్యి."

నేను పెన్ను కింద పెట్టి అతని కళ్లలోకి చూశాను. విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పంపాల్సిన కేసా, ఇక్కడే మాత్రలతో సరిపోతుందా అని. అప్పుడతను గొంతు తగ్గించి సీరియల్ సంగతి చెప్పాడు.

చిక్కు ఇది. మొదటి వారాల్లో పాఠకులు కంటతడి పెట్టాలని, యువరాణికి చిన్నప్పుడు కాలికి గాయమైందనీ, కుంటుతుందనీ రాశాడు. తర్వాత ఆ సంగతి మర్చిపోయి ఒక యుద్ధంలో ఆమెని ఒక ఏనుగు మీంచి ఇంకో ఏనుగు మీదకి దూకించాడు. జనం ఊరుకుంటారా? ఆఫీసుకి కార్డులు కుప్పలుగా వచ్చాయి. ఎడిటర్ మనిషిని పంపి మరీ చెప్పించాడు: కాలైనా ఉంచు, ఏనుగులైనా ఉంచు.

"మరేం చేశారు?" అన్నాను.

"ఏనుగులే ఉంచా మేడం. కాలు పోయిన వారం రాజవైద్యుడు మూలికతో నయం చేసేశాడు. కానీ గాయం లేకపోతే ఆ పిల్లకి కథే లేదు. కాబట్టి ఇప్పుడు చెయ్యి కావాలి. చిన్నప్పుడు తగిలింది అయ్యుండాలి. పైకి కొంచెం కనపడాలి. మరీ వికారంగా ఉండగూడదు, హీరోయిన్ గదా. ఇన్నాళ్లూ పెద్దగా ఇబ్బంది పెట్టి ఉండగూడదు, పెట్టుంటే ఇన్ని యుద్ధాలు ఎట్టా చేసిందంటారు. కానీ అసలైన రోజున దెబ్బకొట్టాలి. అట్టాంటి గాయం ఏదన్నా ఉందా?"

ఉంది. అందుకే ఓపీ అయ్యాక రమ్మన్నాను. దొంగ గాయాన్ని పట్టుకోవడానికి మేము అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆ ప్రశ్నలన్నిటికీ నిలబడే గాయాన్ని తయారు చెయ్యాలంటే ఎలా ఉంటుందో చూడాలని నాకూ సరదా వేసింది.

ఏడంతస్తుల మేడ

మధ్యాహ్నం కాగితాల కట్టతో వచ్చి చదివాడు. ఆరేళ్ల మణిమంజరి ఏడంతస్తుల మేడ మీంచి పడింది, మోచెయ్యి విరిగింది.

"ఏడంతస్తుల మీంచి పడితే మోచెయ్యి ఒక్కటే విరగదు సైదావలి గారూ. సీరియల్ అక్కడితో అయిపోతుంది."

"మూడంతస్తులు చేద్దామా?"

"బేరం కాదిది. మోచెయ్యి విరగడానికి పిల్లలకి మేడ అక్కర్లేదు. మనిషెత్తు గోడ చాలు."

అతను రాయడం ఆపాడు. "గోడే బాగుంటది" అన్నాడు.

తర్వాత నేను ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. పడేటప్పుడు పిల్లలు చెయ్యి ముందుకు చాపుతారు. ఆ వయసులో మోచేతి దగ్గర ఎముక సగం లేతగానే ఉంటుంది. బయటివైపు చిన్న ముక్క ఒకటి విరిగి పక్కకి తిరుగుతుంది. రాజవైద్యుడు కట్టు కడతాడు. వాపు తగ్గుతుంది, చెయ్యి ఆడుతుంది, అందరూ ఆ సంగతి మర్చిపోతారు. లోపల ఆ ముక్క మాత్రం అతకదు. పిల్ల పెరిగేకొద్దీ ముంజెయ్యి బయటికి తిరుగుతుంది.

సైదావలి లేచి నిలబడి, తన కుడిచెయ్యి పక్కకి చాపి, ముంజేతిని ఒంటికి దూరంగా బయటికి తిప్పి చూపించాడు. "ఇట్టానా?"

అచ్చంగా అలాగే. హౌస్ సర్జన్లకి బొమ్మ గీసి చెప్పినా అంత త్వరగా పట్టుకోరు. రచయితలకి ఊహాశక్తి ఎక్కువ కదా అనుకున్నాను.

"ఇక అసలు దెబ్బ" అన్నాను. "మోచెయ్యి గోడకి తగిలితే జివ్వుమని లాగుతుంది చూశారా, ఆ నరం లోపలివైపు మోచేతి వెనక నుంచి పోతుంది. చెయ్యి బయటికి వంగేకొద్దీ అది సాగుతుంది. ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్లకో ముప్పై ఏళ్లకో చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. పక్కవేలు సగం. తర్వాత పట్టు తప్పుతుంది. మీ యువరాణి బాణం సంధిస్తుంది, నారి ఆమెకి తెలియకుండానే వేళ్లలోంచి జారిపోతుంది."

సైదావలి పెన్ను కదల్లేదు. మొహంలో రంగు మారింది. కథ నచ్చిందనుకున్నాను.

"ముందు తెలవదా మేడం? ఆ మనిషికి?"

"తెలుస్తుంది. నిద్రలో చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కిందనుకుని ఊరుకుంటారు."

"నయమవుద్దా?"

"అమరగిరిలో అవదు. గుంటూరులో అవుతుంది. నరాన్ని వెనక నుంచి ముందుకు మారుస్తారు. మరీ ఆలస్యం చెయ్యకుండా వెళ్లాలి."

అతను తేరుకుని లెక్క వేసుకున్నాడు. "యువరాణికి ఇప్పుడు పద్దెనిమిదే. ఇంకా వయసు చాల్లేదు. ఏం పర్లేదు, మధ్యలో వనవాసం పెడతా. మా ఎడిటర్ గారికి వనవాసాలంటే ఇష్టం."

ఇక చివరి ప్రశ్న అడిగాను. కోర్టులో ప్లీడర్లు మమ్మల్ని అడిగే ప్రశ్నే. "పడినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవురూ లేరు" అన్నాడు గబుక్కున.

"అలా కుదరదు. ఆరేళ్ల పిల్ల గోడ మీద ఉందంటే పక్కన ఇంకొకరుంటారు. పిల్లలు పడ్డ కేసుల్లో నేను మొదట వినేది నొప్పి గురించి కాదు. 'నేను వద్దంటూనే ఉన్నా' అనే మాట. ఆ మాట అనే మనిషి లేకపోతే మీ గాయాన్ని ఎవరూ నమ్మరు."

అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఆలోచించి రాస్తా మేడం" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. ఎప్పుడూ మెట్లు దిగేముందు చెప్పులు సరిగ్గా చూసుకుని వేసుకునే మనిషి, ఆ రోజు ఎడమా కుడీ మార్చి వేసుకుని మళ్లీ వెనక్కొచ్చాడు.

కొన్ని వారాలకి ఆ భాగం అచ్చయింది. గోడ మీద ఆడుకుంటున్న చెల్లెల్ని అన్న రుద్రకేతు సింహాసనం కోసం కిందకి తోసేశాడు. రుద్రకేతు సంగతి ఆ విధంగా తేలింది. మా నర్సులు రెండురోజులు మనుషుల్లో లేరు.

ఇస్త్రీపెట్టె

యువరాణి వేలు తిమ్మిరెక్కిన భాగం వచ్చాక, ఒక ఉదయం మాచర్ల రైల్లో దిగి ఒకామె ఓపీకి వచ్చింది. ముప్పై అయిదు పైన ఉంటుంది. పేరు మస్తాన్‌బీ. మాచర్లలో జాకెట్లు కుడుతుందట, భర్త లారీల మెకానిక్కు. చేతిసంచీలోంచి వారపత్రిక తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇందులో యువరాణికి వచ్చిన జబ్బు నాకూ వచ్చింది డాక్టరమ్మా."

సీరియళ్లు చదివి జబ్బులు తెచ్చుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు. నేను నవ్వి, చెయ్యి చాపమన్నాను.

చాపింది. ముంజెయ్యి బయటికి తిరిగింది. సైదావలి నా గదిలో నిలబడి చూపించినట్టే.

నవ్వు ఆపి సరిగ్గా కూర్చున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. ఆ రెండు వేళ్ల మధ్య ఓపీ చీటీ పట్టుకోమని లాగితే, బొటనవేలు కణుపు దగ్గర వంచి పట్టుకోబోయింది, అయినా చీటీ నా చేతికొచ్చేసింది. చిటికెన వేలి పక్కన కాలిన మచ్చ, పాతది మీద కొత్తది.

"ఇదెలా కాలింది?"

"ఇస్త్రీపెట్టె. వాసన వచ్చిందాకా తెలవలా."

"ఇంట్లో చెప్పారా?"

"చెప్తే కుట్టనిస్తారా? ఊళ్లో తెలిస్తే బట్టలెవరిస్తారు? ఎవురికీ చెప్పలా." పత్రిక మీద వేలు పెట్టింది. "ఇది రాసేది మా అన్నే. ఈ ఊళ్లో బట్టలకొట్టు. చెయ్యి వంకర సంగతంటే ఆయనకి తెలుసు, చిన్నప్పుడు పడ్డది. కానీ ఈ తిమ్మిరి సంగతి నాకూ ఆ దేవుడికీ తప్ప ఎవురికీ తెలవదు. ఆయన ఎట్టా రాశాడు?"

ఆమెకి వివరం చెప్పాను. అతను నాకు వంకర చెయ్యి చూపించాడనీ, దానికి ముందు ముందు ఏమవుతుందో నేను చెప్పాననీ. నా గదిలో అతని మొహం ఎందుకు రంగు మారిందో, ఇది చెబుతుంటేనే నాకు అర్థమైంది.

"వేళ్లు పోతాయా?" అంది.

"పోవు. ఉంటాయి. పని చెయ్యవు."

"నా పనిలో రెండూ ఒకటే డాక్టరమ్మా."

గుంటూరు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాను. ఆలస్యం చేస్తే కత్తెర పట్టుకోలేదనీ, ఆపరేషన్ చేసినా పోయిన కండ తిరిగి వస్తుందని మాటివ్వలేననీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీరు కూడా అలాగే చెప్పండి. చేతిపని చేసుకునేవాళ్లు నిజం తట్టుకుంటారు, డాక్టరు నీళ్లు నమిలితే మాత్రం తట్టుకోలేరు.

ఆమె నా దగ్గర నుంచి తిన్నగా అన్న కొట్టుకి వెళ్లింది. మర్నాడు సైదావలి వచ్చి తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు.

"నేనే తోశా మేడం."

నేను రాస్తున్న సర్టిఫికెట్ పక్కన పెట్టాను.

"షావుకారు దూదిని ఏకడానికని మా నాయన ఇంటి వెనకాల కుప్ప పోసేవాడు. గోడెక్కి ఆ దూది మీదకి దూకడం మా ఆట. నాయన చూస్తే చంపేస్తాడు, పరాయి సరుకు గదా. ఆ రోజు నా చెయ్యి మా చెల్లెలి ఈపు మీద ఉంది. అది నాకు బాగా గుర్తు. తర్వాత అది కింద ఉంది, దూది మీద కాదు, పక్కన. నాయన వచ్చి నన్ను దూది ఏకే బద్దతో కొట్టాడు. 'తోశావా?' అన్నాడు. తోశానన్నా. ఇన్నేళ్లూ దాని చెయ్యి చూసినప్పుడల్లా..." ఆపేశాడు. "పక్కన ఎవరున్నారని మీరు అడిగారు గదా. అందుకే రాశా. ఇంకెవురూ కాదు, ఆ రుద్రకేతుని నేనే."

కిటికీ బయట గాయాల సర్టిఫికెట్లవాళ్లు కేకలు వేసుకుంటున్నారు. సైదావలి ముందుకు వంగాడు.

"ఒక్కటి చెప్పండి మేడం. ఆ ఎముకని ఫోటో తీస్తారు గదా. తోస్తే పడిందో, అదే దూకి పడిందో అందులో తెలుస్తదా?"

"తెలియదు. చెయ్యి చాపి పడిందని తెలుస్తుంది. అంతే."

"కోర్టులో అడిగినా ఇట్టాగే చెప్తారా?"

"ఇలాగే చెబుతాను."

"అయితే మీ చదువుతో నాకేం లాభం లేదు మేడం" అని లేచాడు. కోపంతో అన్నమాట కాదు. ఉన్నమాట అన్నాడు.

లంగా అంచు

వాళ్లు గుంటూరు వెళ్లిన రోజే నాకూ అక్కడ కోర్టు సమన్లున్నాయి. ఒకే రైల్లో వెళ్లాం. మస్తాన్‌బీ మాచర్లలో కిటికీ పక్క సీటు పట్టుకుంది. సైదావలి మా ఊళ్లో ఎక్కి ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తెచ్చిన పులిహోర ముగ్గురం తిన్నాం. ఆమె ఎడమచేత్తో పంచింది. అతను ఆమె కుడిచెయ్యి వంక చూడకుండా తిన్నాడు.

కోర్టులో నా కేసు వాయిదా పడింది. అది మామూలే. ఆసుపత్రికి వెళ్లేసరికి ఒక కుర్ర హౌస్ సర్జన్ మస్తాన్‌బీ కేసు రాసుకుంటున్నాడు. సైదావలి ఆమె వెనక గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"చిన్నప్పుడు ఎట్లా తగిలింది?" అన్నాడు హౌస్ సర్జన్, తల ఎత్తకుండా.

"నేను..." అన్నాడు సైదావలి.

"గోడ మీంచి దూకా" అంది మస్తాన్‌బీ.

"ఎవరన్నా తోశారా?"

"తొయ్యడమేంది సార్. దూది మీదకి దూకా. మా అన్న వద్దన్నాడు. వినలా. లంగా అంచు పట్టుకుని ఆపబోయాడు, అది కాస్తా చిరిగింది, నేను పక్కకి పడ్డా. పట్టుకోకుండా ఉంటే సక్కగా దూది మీదే పడేదాన్ని."

"షుగరుందా?" అన్నాడు హౌస్ సర్జన్.

"లేదు సార్."

అతను రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఎత్తు నుంచి పడుట అని రాశాడు. తప్పు రాయలేదు.

సైదావలి వరండాలోకి నడిచాడు. మేమిద్దరం వెనకే వెళ్లాం. అక్కడ బెంచీ మీద కూర్చుని అరిచెయ్యి చూసుకుంటున్నాడు.

"మరి నాయన నన్ను కొట్టేటప్పుడు ఎందుకు చెప్పలా?"

"చెయ్యి విరిగి ఏడుస్తన్నా గదన్నా. తర్వాత చెబుదాంలే అనుకున్నా."

"తర్వాతెప్పుడు?"

మస్తాన్‌బీ వంకర చెయ్యి పైటలోకి లాక్కుంది. "తర్వాత నువ్వు నాతో చానా మంచిగా ఉన్నావు. నీ వాటా బెల్లం కూడా నాకే పెట్టేవాడివి. బడికి నా పలక నువ్వే మోసేవాడివి. చెప్తే మానేస్తావేమోనని."

"ముప్పై ఏళ్లు మానేస్తానేమోనని చెప్పలేదా?"

"పెద్దయ్యాక నేనట్టా అనుకోలా. నీకు తెలుసనుకున్నా. లంగా ముక్క నీ చేతిలోనే ఉండె గదా."

"లంగా ముక్క నాకు గుర్తులేదే."

"నాకు గుర్తుంది. పచ్చ లంగా. అమ్మ దానికి కూడా నన్నే తిట్టింది."

అతను తల వంచుకున్నాడు. భుజాలు కదులుతుంటే మొదట నవ్వుతున్నాడనుకున్నాను. మస్తాన్‌బీ పక్కన కూర్చుని, తిమ్మిరి లేని చేత్తో అతని వీపు రాసింది. "ఊరుకో అన్నా, జనం చూస్తన్నారు. ఆపరేషన్ నీకనుకుంటారు" అంది.

నేను టీ తెస్తానని చెప్పి అక్కడినుంచి కదిలాను. డాక్టరు అవసరం లేని చోటు అది. అలాంటి చోట్లు కనిపెట్టడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, త్వరగా నేర్చుకోండి.

ఆపరేషన్ బాగా జరిగింది. నరం కుదురుకోవడానికి నెలలు పట్టింది. చిటికెన వేలికి స్పర్శ చాలావరకు వచ్చింది. వేడి తగిలితే తెలుస్తోందని ఇస్త్రీపెట్టె దగ్గర పెట్టి చూసుకుందట, నేను కేకలేశాను. బొటనవేలి పక్క గుంట మాత్రం పూడలేదు. మునుపటంత వేగం రాలేదు, కానీ కత్తెర వదల్లేదు. సన్నపనికి ఒక పిల్లకి నేర్పి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఎడిటర్ గారి అభిప్రాయం

ఇక సీరియల్. గుంటూరు నుంచి రాగానే సైదావలి ఆ తర్వాత రావాల్సిన భాగం మార్చి రాశాడు. నాకు చూపించాడు. రుద్రకేతు చెల్లెల్ని తొయ్యలేదు. పట్టుకోబోయాడు. పట్టుకోవడం వల్లే ఆమె పక్కకి పడింది. తండ్రి కొట్టిన దెబ్బలకి తోశానని ఒప్పుకుని, ఒప్పుకున్నది నిజమనుకుని పెరిగాడు. ఆమెకి అసలు సంగతి తెలుసు. అతనికి కూడా తెలుసనుకుంది. ఇద్దరూ యుద్ధం మధ్యలో ఈ మాట అనుకుని కత్తులు కింద పెట్టారు. అతను రాసినవాటిలో నాకు నచ్చింది అదొక్కటే. అది కూడా అతనికి చెప్పాను.

పత్రికవాళ్లు దాన్ని తిప్పి పంపారు.

అది తెలిసిన రోజు నేను దిండు గలేబులకి బట్ట కోసం అతని కొట్టుకి వెళ్లాను. మస్తాన్‌బీ అక్కడే ఉంది, కట్టు తీసేశాక చెయ్యి చూపించుకోవడానికి వచ్చి, అన్న కొట్లో కూర్చుని పాతబట్ట మీద కత్తెర ఆడించి చూసుకుంటోంది.

"ఎడిటర్ గారు ఏమన్నారు?" అన్నాను.

సైదావలి గుడ్డ కొలుస్తూ చెప్పాడు. "ఏడంతస్తుల మేడ మీంచి పడేసినా ఒప్పుకునేవాణ్ణి, ఇది మాత్రం నమ్మేట్టు లేదన్నాడంట. ఇన్నేళ్లు ఒక మనిషి చెయ్యని తప్పు చేశాననుకుని ఎట్టా బతుకుతాడు, పక్కనే ఉన్న చెల్లెలు ఒక్కమాట ఎందుకు చెప్పదు, మా పాఠకులు ఎడ్డోళ్లు కాదు అన్నాడంట. రుద్రకేతు తోసినట్టే ఉంచమన్నాడు. వచ్చేవారం వాణ్ణి చంపాలంట."

"మీరేమంటారు?"

"ఏమనాలో తెలవట్లా మేడం. వాణ్ణి చంపడానికి చెయ్యి రావట్లా."

మస్తాన్‌బీ కత్తెర ఆపలేదు. "చంపెయ్యన్నా" అంది. "మా వీధిలో అందరూ వాడి చావు కోసం ఎదురుచూస్తన్నారు. ఇప్పుడు మంచోడంటే ఎవురూ ఊరుకోరు."

సైదావలి నావైపు చూశాడు. ప్రాణాలు కాపాడతానని ప్రమాణం చేసి వచ్చిన మనిషిని నేను. దుకాణంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చీరలు పక్కన పెట్టి నేనేమంటానా అని చూస్తున్నారు.

"ఆమె చెప్పినట్టే కానివ్వండి" అన్నాను.

రుద్రకేతు ఆ పై వారం పోయాడు. మా నర్సులు వార్డంతా స్వీట్లు పంచారు. నేనూ ఒకటి తిన్నాను.